ఎర్రగీత పడ్డ టీ కొట్టు

మద్దిలపాలెంలో బస్సెక్కాను. పక్క సీటాయన, రోడ్డు మీద మెట్రో కోసం కొలతలు తీస్తున్నవాళ్లను చూసి, "మీ ఇల్లు రోడ్డు మీదేనా బాబూ?" అని అడిగాడు. స్థలాల బ్రోకరేమోనని అనుమానమొచ్చింది.

"కాదండీ, బాగా లోపలికి," అన్నాను. నిజానికి వారం కిందటే మెట్రో వాళ్లు మా గోడ మీద ఎర్రగీత గీసి వెళ్లారు.

"అయితే మీకు బెంగ నేదు. నా టీ కొట్టుకి గీత గీసేసినారు. ఎంత పోద్దో ఎవులూ సెప్పట్నేదు. ఇంకో ఇద్దరు దొరికితే కలిసెల్లి ఆఫీసులో అడుగుదామని సూత్తన్నాను."

నేను ఫోన్ చూస్తూ కూర్చున్నాను. మధురవాడకు ముందే ఆయన దిగిపోయాడు.

రెండ్రోజులు నిద్ర పట్టలేదు. మూడోరోజు అదే స్టాపులో దిగాను. ఎర్రగీత పడ్డ టీ కొట్లు అక్కడ నాలుగున్నాయి. ఆయన కనబడక, ఒక్కోచోటా టీ తాగి, ఆనవాళ్లు చెప్పి అడిగాను.

"ఆయనతో నీకేటి పని? స్థలాల బ్రోకరువా?" అంటూ కొట్టువాళ్లు నన్ను ఎగాదిగా చూశారు.