బొట్టు పెట్టిన గాలి తుపాకి

మొన్న మా తమిళనాడు ధర్మపురిలో ఎగ్జిబిషన్ పెడితే మనవడి పోరు పడలేక వెళ్ళాను. పీచుమిఠాయి బండి పక్కన బెలూన్లు కాల్చే దుకాణం ఉంది. వాడు ఎగబడి తుపాకి అందుకున్నాడు, నేను పక్కన నిలబడ్డాను. ఆ గొట్టంలోంచి వచ్చే నూనె వాసన, కాస్త సీసం, కాస్త తుప్పు కలిసిన వాసన ముక్కుకు తగిలేసరికి ఈ వయసులో సిగ్గు లేకుండా నా కడుపు మళ్ళీ భగ్గుమంది. ఎవరి మీద అంటే మా తమ్ముడు రత్నం మీద.

మాది మారండహళ్ళి నుంచి బండి బాటలో పోతే వచ్చే పల్లె. దసరా వచ్చే పురటాసి నెలలో నాలుగు వానలు పడి జొన్న పాలుపోసుకునే వేళకు చేని మధ్యన మంచె లేచేది. తెల్లవారి మంచు ఆరకముందే రాగి సంకటి ముద్ద, ఊరబెట్టిన మిరపకాయ మూట కట్టుకుని నేను మంచె ఎక్కితే, చిలకలు, పిచ్చుకలు, గోరింకలు గుంపులుగా దిగే వేళకు గోగునారతో తాత అల్లి ఇచ్చిన వడిసెల నా చేతిలో గిరగిరా తిరుగుతూ ఉండేది. వడిసెల విసరడంలో నన్ను మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఇది నా గొప్ప చెప్పుకోవడం కాదు, సరే, చెప్పుకోవడమే. ఆ మంచె నా రాజ్యం. నాకంటే చిన్నవాడైన రత్నం కింద కూర్చుని రాళ్ళు ఏరి అందించేవాడు, అదీ సగం నిద్రలో.

యుద్ధం ముగిసిన ఏడు చిన్నాయన బెంగళూరు నుంచి వచ్చాడు. అక్కడ ఒక దొరకు కారు తోలేవాడు. దొర సీమకు వెళ్ళిపోతూ సామాను పంచిపెడితే ఆయన వంతుకు ఒక గాలి తుపాకి, రేకు డబ్బా నిండా సీసపు గుళ్ళు దక్కాయి. వాటిని మేము రవ్వలనేవాళ్ళం. గొట్టాన్ని మధ్యకు విరిచి, నడుము సన్నగా ఉన్న రవ్వను లోపల పెట్టి మూస్తే చాలు, మందు అక్కర్లేదు. గోనెపట్టా విప్పగానే నా ప్రాణమంతా దాని మీదికి పోయింది. చిన్నాయన దాన్ని తీసి రత్నం చేతుల్లో పెట్టాడు.

"నాకో?" అన్నాను.

"నీకు గాజులు తెచ్చినా గదమ్మా" అన్నాడు.

ఆకుపచ్చ గాజులు. ఆ రోజంతా వాటిని ముట్టుకోలేదు. రత్నం తుపాకి భుజాన వేసుకుని వాకిలంతా తిరుగుతుంటే, అరుగు మీద కూర్చుని కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

మరునాడు చిన్నాయన గడ్డివామికి పాత చేట ఆనించి, దాని నడుమ సున్నం బొట్టు పెట్టి, బావి గట్టు మీద బోర్లా పడుకున్నాడు. మంచె నుంచి చేను అంచుకు ఎంత దూరమో అక్కడి నుంచి వామికి అంతే. తుపాకిని వడ్ల మూట మీద ఆనించి వరుసగా మూడు రవ్వలు వదిలాడు, చిల్లులు ఎక్కడ గుంపు కట్టాయో పోయి చూశాడు, గొట్టం మీద గురి చూసే వెనక గాడి కింద ఉన్న చిన్న మరను ఒక పిసరు తిప్పాడు, మళ్ళీ మూడు వదిలాడు. చిల్లులు బొట్టు మీదికి చేరేదాకా అదే పని.

"కన్ను పోయే దోవ వేరే, రవ్వ పోయే దోవ వేరే రా" అన్నాడు రత్నంతో. "కన్ను నేరుగా పోతాది. రవ్వ రవంత పైకి లేసి, అలిసిపోయి కిందికి వొంగుతాది. రెండూ ఆ చేట కాడ కలిసేటట్ల చేసినా. అంతకన్నా దూరం పిట్టకు కొంచెం పైన పట్టు. నడి దూరానికి కొంచెం కింద పట్టు."

రత్నం బుర్ర ఊపాడు. వాడికి ఒక్క ముక్కా ఎక్కలేదు. నాకు మాత్రం ఆయన చెప్పకముందే తెలుసు, వడిసెల రాయి కూడా అట్లాగే లేచి అట్లాగే వంగుతుంది కదా. తెలిసిన చేతికి గాజులు, తెలియని చేతికి తుపాకి. నా ఒళ్ళు మండిపోయింది. చిన్నాయన బెంగళూరు బస్సెక్కాక, మిగిలిన కుళ్ళంతా నా దగ్గరే ఉండిపోయింది.

తరువాత ఆయుధ పూజ వచ్చింది. నాగలి, కొడవళ్ళు, పారలు, బావిలోంచి నీళ్ళు తోడే కపిల తోలు, అన్నీ కడిగి, పేడతో అలికిన వాకిట్లో వరుసగా పేర్చారు. బొరుగులు, పుట్నాలు, బెల్లం కలిపిన వాసన, ఉడికిన శనగ గుగ్గిళ్ళ ఆవిరి, పగలగొట్టిన బూడిద గుమ్మడికాయలో కుంకుమ నీళ్ళు. వరుస చివర తుపాకి. అవ్వ ప్రతి దానికీ బొట్టు పెడుతూ తుపాకి దాకా వచ్చింది. నూనె పూసిన ఇనుము మీద కుంకుమ నిలవదు. అవ్వ తన నొసటికి పెట్టుకునే మైనం భరిణె తెప్పించి, గొట్టం కొసన ఉన్న గింజంత గుబ్బ మీద మైనం అద్ది, దాని మీద కుంకుమ దిద్దింది. ముత్తైదువలా ఉందని అందరూ మెచ్చుకున్నారు.

ఆ మరునాటి నుంచి రత్నం కొట్టిన ప్రతి రవ్వా పిట్ట కిందుగా పోసాగింది. కంకులు తినే చిలకలు తింటూనే ఉన్నాయి, కింద జొన్న దంట్లు విరుగుతున్నాయి. ఇంట్లో అందరి కళ్ళూ నా వైపు తిరిగాయి.

"దీని కణ్ణే పడింది" అంది అవ్వ, కన్నుకు అరవం మాట వాడుతూ. "వచ్చిన దినం నుంచి దాన్నే చూస్తా ఉంది. సుమ్మా, ఊరికే పోతాదా?"

ఉప్పు, ఎండుమిరపకాయలు తుపాకి చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. ఘాటు రాకపోతే దిష్టి ఖాయమన్నమాట. కోతలయ్యేదాకా నేను మంచె ఎక్కకూడదని, చేను గట్టు తొక్కకూడదని అక్కడికక్కడే తీర్పు చెప్పేశారు. నా రాజ్యం పోయింది. అసూయ ఉన్న మాట నిజమే, కానీ అసూయకు గొట్టం వంచే బలముంటే అది ఎప్పుడో ముక్కలై ఉండాలి.

రెండు రోజులకు రత్నమే ఏడుపు మొహంతో బావి దగ్గరికి వచ్చాడు. తుపాకి లాక్కుని గురి చూశాను. నాకు దిష్టి ఉందో లేదో గాని కళ్ళున్నాయి. కొసన గురి చూసే గుబ్బ మైనంతో ఎత్తు పెరిగింది. దాని తలను వెనక గాడితో సమం చేయబోతే గొట్టం ముక్కు కిందికి వంగుతోంది.

"ఈ మైనం గీకెయ్" అన్నాను.

"బొట్టు చెరిపేదా?" వాడు వెనక్కి జరిగాడు. "అవ్వ చంపేస్తాది అక్కా!"

నిజమే, మా ఇంట్లో పెట్టిన బొట్టు చేత్తో చెరపరు. అందుకని బొట్టు జోలికి పోకుండా మర జోలికి పోయాను. చేట ఆనించి, తుపాకిని మూట మీద పెట్టి పడుకుని మూడు కొట్టాను. మూడూ జానెడు కింద. మర తిప్పి గాడిని కాస్త లేపాను, మళ్ళీ మూడు. ఇంకాస్త లేపాను. సున్నం బొట్టు రాలి పడింది. అంత సంతోషం నేను నా పెళ్ళిలో కూడా పడలేదు.

ఆ సాయంత్రం రత్నం రెండు చిలకలు కొట్టుకొచ్చాడు. ఉప్పు మిరపకాయలు పనిచేశాయని అవ్వ పొంగిపోయింది. చెప్పరా అని వాడికి సైగ చేశాను. వాడు ఇంకొంచెం మజ్జిగ పొయ్యమన్నాడు. ఆగలేక నేనే అరిచాను, "మర తిప్పింది నేను!"

అవ్వ నా వైపు నింపాదిగా చూసింది. "అట్లనా? అయితే ముందు తిప్పి చెడగొట్టింది కూడా నువ్వే గదే."

రత్నం మజ్జిగ జుర్రుకున్నాడు. ఆ ఏడు జొన్నంతా నేను లేకుండానే పండింది.

పెద్దయ్యాక వాడు ఈ కథను పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో చెప్పని రోజు లేదు. "మా అక్కది కొళ్ళి కణ్ణు, పాడు దిష్టి, తుపాకికే గురి తప్పించింది" అని నవ్వేవాడు, అందరూ నవ్వేవారు. మైనం అని నేను మొదలుపెడితే, "అబద్దం! కణ్ణే!" అని నా మాటను తొక్కేసేవాడు. తల నెరిసినా మా తగువు నెరవలేదు.

ఇప్పుడు ఆ చేలల్లో టమాటా వేస్తున్నారు, సగం ఇళ్ళ స్థలాలైపోయాయి. మంచె అంటే పిల్లలకు తెలియదు, వడిసెల అల్లే చేతులు లేవు. నేను రాసే ఈ తెలుగు అక్షరాలు చదవగలిగినవాళ్ళు మా ఇంట్లో ఇంకొకరు లేరు. పోయిన ఆడి, అంటే ఆషాఢ నెలలో రత్నం పోయాడు. పదకొండో రోజున బంతిలో కూర్చున్నప్పుడు వాడి మనవరాలు అడిగింది, నిజంగా నీ కన్ను అంత చెడ్డదా అని. ఆకు ముందు చేయి ఆపి, మైనం దగ్గర మొదలుపెట్టి మర దాకా అంతా చెప్పాను. "అట్లనా అవ్వా, పాపం" అన్నారు అందరూ. ఒక్కమాటకే నమ్మేశారు. కాదని అరవడానికి వాడు లేడు.