సిట్టెమ్మప్ప గొంతు

ఆ మధ్య కుడికంటికి శుక్లం తీయించుకుని కొన్నాళ్ళు ఇంట్లో కూర్చున్నాను. ఎడమకన్ను ఇంకా మసకే కాబట్టి దాన్ని నమ్ముకునే వీలు లేదు. నా కోడలు పుస్తకం పట్టుకోనివ్వదు, టీవీ చూడనివ్వదు, ఆఖరికి బియ్యంలో రాళ్ళు కూడా ఏరనివ్వదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లల్ని కదలకుండా కూర్చోమని గదమాయించినదాన్ని, నా వంతు వచ్చేసరికి ఒక్క పూట కుదురుగా కూర్చోలేకపోయాను. అలా విసుక్కుంటూ ఉన్న ఒక సాయంత్రం, వంటింట్లోంచి పోపు వాసన వస్తుండగా, హాల్లో టీవీలోంచి ఒక ముసలామె మాట వినిపించింది. "ఏటే గుంటా, నీ గొంతు ఆకలిగున్నాది. తిన్నావేటి?" నేను లేచి, గోడ పట్టుకుని నడిచి, హాల్లో కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. పాత సీరియల్ మళ్ళీ వేస్తున్నారట. ఆ సీరియల్లో నాయనమ్మగా ఆమెను ఎరిగినవాళ్ళు చాలామందే ఉంటారు. అంతకు ముందు ఎన్నో ఏళ్ళు ఆమె సినిమాల్లో వేసిందని మాత్రం తక్కువమందికి తెలుసు. ఆ సినిమాల్లో ఆమెను చూసినవాళ్ళున్నారు గానీ విన్నవాళ్ళు లేరు. ఎందుకు లేరో నాకు తెలుసు, ఆ సంగతి చెప్పకపోతే నాకు తోచదు.

ఆమె పేరు చిట్టెమ్మ. మా శ్రీకాకుళం వైపు చ పలకడం మాకు బరువు, అందుకని సిట్టెమ్మ. ఆడపిల్లను గుంట అన్నట్టే అక్కను అప్ప అంటాం కనుక నాకు సిట్టెమ్మప్ప. అరవైల చివర్లో, నేను పీయూసీ చదువుతున్నప్పుడు, నాగావళికి దగ్గర్లో మా ఇంటి వెనక వాటాలోకి తల్లీ కూతుళ్ళు అద్దెకు వచ్చారు. వాళ్ళది నౌపడ వైపు. తల్లి నీలమ్మ అక్కడి ఉప్పుమళ్ళలో పనిచేసి, మిట్టమధ్యాహ్నపు ఎండలో మెరిసే ఆ తెల్లదనాన్ని ఏళ్ళ తరబడి చూసి చూసి, చూపు పోగొట్టుకుంది. వెలుగూ నీడా తప్ప ఆమెకు ఏమీ తెలిసేది కాదు. సిట్టెమ్మప్ప నాటకాలు వేసి ఆమెను పోషించేది. ఆఫీసుల్లో గుమాస్తాలు, స్కూలు మేష్టార్లు సరదాకి నాటకాలు ఆడేవారు, వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళను మాత్రం స్టేజి ఎక్కనిచ్చేవారు కాదు. అందుకని ఆడవేషాలకు ఈమెను పిలిచేవారు.

మా అమ్మ మొదట్లో ముభావంగానే ఉండేది. నాటకాలావిడ అంటే పెరట్లోంచి పలకరింపు చాలనుకునేది. ఆవకాయ పెట్టే రోజుల్లో సిట్టెమ్మప్ప సాయానికి వచ్చి, కారం కలుపుతూ ఏదో నాటకంలోని గయ్యాళి అత్తగారిని నడకతో సహా చేసి చూపించింది. మా అమ్మ నవ్వలేక జాడీ కింద పెట్టేసింది. ఆ తరవాత మా వంటింట్లో ఆమెకు ఒక పీట శాశ్వతంగా ఉండిపోయింది.

ఆమెకు చదవడం రాదు, నాటకం చదివి వినిపించడం నా పని. ఆమె తలంటుకున్న జుట్టు ఆరబెట్టుకుంటూ వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని వినేది. నీలమ్మ పెద్దమ్మ గుమ్మం పక్కన కూర్చుని తనూ వినేది. నాటకం రోజున పెద్దమ్మను స్టేజి పక్కన ఒక స్టూలు మీద కూర్చోబెట్టేవాళ్ళం. కూతురు స్టేజి మీద ఏ మూల నిలబడిందో, ఎటు తిరిగిందో, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుందో లేదో, అన్నీ గొంతును బట్టి చెప్పేది. ఒకసారి నాటకం సగంలో నా చెయ్యి పట్టుకుని, "దీని గొంతు ఆకలిగున్నాది. ఏటీ తిన్నేదు," అంది. తెర దించాక అడిగితే నిజమే, రిహార్సల్ హడావుడిలో పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. "మా యమ్మకి నా మొకం అక్కర్నేదే, గొంతు సాలు," అని సిట్టెమ్మప్ప మురిసిపోయింది.

విజయనగరంలో నాటక పోటీలు జరిగినప్పుడు నేనూ వెళ్ళాను. మద్రాసు నుంచి వచ్చిన ఒక సినిమా దర్శకుడు ఆట అయ్యాక లోపలికి వచ్చాడు. సిట్టెమ్మప్ప అప్పటికింకా ముసలి వేషపు పౌడరు జుట్టులోంచి దులుపుకుంటోంది. "బాగా చేశావమ్మా. నా సినిమాలో హీరోకి అక్క వేషం ఉంది, నీకు సరిపోతుంది. కానీ నీ నోట్లో చ లేదు. అది తెచ్చుకుని మద్రాసు రా," అన్నాడు. ఆయన మర్యాదగానే చెప్పాడు. తిరుగు ప్రయాణంలో బస్సు కుదుపులకు ఊగుతూ ఆమె చ, చ, చ అనుకుంటూనే ఉంది. ముందు సీటులోని పెద్దాయన తననే ఛీ కొడుతోందనుకుని వెనక్కి తిరిగి గుర్రుగా చూశాడు.

ఆ రోజు నుంచీ మా పెరట్లో చకారం తప్ప వేరే ధ్వని లేదు. సేప పోయి చేప వచ్చింది, సెట్టు పోయి చెట్టు వచ్చింది. సిట్టెమ్మప్ప పట్టుదల మామూలుది కాదు. రుబ్బురోలు దగ్గరా, నూతి దగ్గరా అదే పని. అయితే కొన్నాళ్ళకు ఒక కొత్త చిక్కు వచ్చి పడింది. చ ఆమె నోటికి ఎంత బాగా పట్టిందంటే, ఇక స అన్నది తగిలితే చాలు, అది తన పాత తప్పేనని అనుమానపడి దిద్దేసేది. సీత చీత అయింది. సాయంత్రం చాయంత్రం అయింది.

"అప్పా, అది సముద్రమే. అందులో చ లేదు," అన్నాను ఒకనాడు.

"మరి చేపకి చ ఉన్నాది కదే. చేపకి ఉంటే, అదుండే చముద్రానికి ఉండదేటి?"

దేనికి చ, దేనికి స అన్నది నేను పుస్తకాల్లో చూసి నేర్చుకున్నాను, ఆమె చెవితో తప్ప నేర్చుకున్నది కాదు. సూత్రం ఏదైనా ఉంటే చెప్పేదాన్నే. ఇద్దరం నవ్వుకుని ఊరుకున్నాం. గుమ్మం పక్కన పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. "ఒసే సిట్టీ, నీ పీకలో ఎవుర్తో కూకుంది. దాన్ని నెగ్గొట్టు," అంది. లేవగొట్టు అన్నమాట. సిట్టెమ్మప్ప తల్లి పక్కన చేరి, "సినిమాలోన నా గొంతు నువ్వు ఇనాలి కదేటి. అందుకే ఈ పాట్లన్నీ," అని ఆమె అరిచేతిని తన మెడ మీద పెట్టుకుంది.

ఆమదాలవలస స్టేషన్లో ఆమెను మద్రాసు రైలెక్కించి వచ్చాం. కొన్ని వారాల తరవాత తిరిగి వచ్చి, జరిగింది మా వంటింటి పీట మీద కూర్చుని ఆమే చెప్పింది, అందరి వేషాలూ తనే వేస్తూ. ఆమె అనవలసిన మాట, సాయంత్రం సముద్రం దగ్గరికి వెళ్ళకు తమ్ముడూ అని. ఎన్నిసార్లు చెప్పినా చాయంత్రం చముద్రమే వచ్చింది. లైట్ల దగ్గరివాళ్ళు పగలబడి నవ్వారు, ఏడవవలసిన హీరో కూడా నవ్వేశాడు. దర్శకుడు, "మాట సంగతి తరవాత చూసుకుందాం, నువ్వు కానియ్యి," అన్నాడు. మేమూ కడుపు పట్టుకుని నవ్వాం. తరవాత చూసుకోవడమంటే మళ్ళీ పిలిచి చెప్పిస్తారని ఆమె అనుకుంది, మేమూ అనుకున్నాం. పిలుపు రాలేదు. అప్పుడు చెప్పిందే ఉంచేశారేమోలే అనుకుని ఆమె తృప్తి పడింది.

సినిమా మా ఊరికి వచ్చిన రోజున పెద్దమ్మకు కొత్త చీర కట్టించి, రిక్షా మాట్లాడి, మ్యాట్నీకి తీసుకెళ్ళాం. ఆడవాళ్ళ బెంచీల మీద మధ్యలో పెద్దమ్మ, చెరోపక్కా మేమిద్దరం. వీధివాళ్ళంతా మా వెనకే. పెద్దమ్మ తల వంచుకుని చెవి ముందుకు పెట్టి కూర్చుంది. మాటిమాటికీ, "వచ్చిందేటి?" అని అడుగుతోంది. తెర మీద తెల్లచీరలో సిట్టెమ్మప్ప కనబడగానే హాల్లో ఈలలు. "మన సిట్టెమ్మే," అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఆమె నోరు తెరిచింది.

వచ్చిన గొంతు ఆమెది కాదు. సన్నగా, తీపిగా, ఒక్క అక్షరం పొల్లు పోకుండా, ఎవరో పరాయి మనిషి మాట్లాడుతోంది. సాయంత్రం సముద్రం దగ్గరికి వెళ్ళకు తమ్ముడూ అని చక్కగా అంది. నేను పక్కకి తిరిగి చూశాను. సిట్టెమ్మప్ప తెర వైపే చూస్తోంది, నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఆమెకూ అప్పుడే తెలిసింది.

"వచ్చింది పెద్దమ్మా, మాట్లాడుతోంది," అన్నాను.

"ఎవులు?"

"సిట్టెమ్మప్ప."

పెద్దమ్మ కాసేపు విని తల అడ్డంగా తిప్పింది. "ఇది మా సిట్టి కాదు," అంది. కోపం లేదు, ఏడుపు లేదు. తప్పు ఇంటి తలుపు తట్టినప్పుడు చెప్పినట్టు చెప్పింది. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. లేచి వెళ్ళిపోదామని అనబోయాను.

సిట్టెమ్మప్ప తల్లి మీదికి వంగింది. చెవి దగ్గర నోరు పెట్టి, తెర మీద పెదవులు కదిలినప్పుడల్లా తన మాట తను చెప్పడం మొదలుపెట్టింది. చ లేదు, మద్రాసు లేదు. "సాయంత్రం సముద్రం కాడికి ఎల్లకురా తమ్ముడా. నా మాట ఇనుకో. నాకెవులున్నారు సెప్పు నువ్వు తప్ప." నేను ఇన్ని నెలలూ విన్న సాధనలో ఆ మాటలు అంత బాగా ఏనాడూ రాలేదు. వెనక బెంచీలోని ఆడవాళ్ళు ముందు విసుక్కున్నారు, తరవాత మాట్లాడకుండా ముందుకు వంగారు. తమ్ముడు చనిపోయే చోట తెర మీది మనిషి రాగం తీసి ఏడ్చింది. సిట్టెమ్మప్ప ఏడవలేదు. "ఓరి నాయినా, లెగరా," అని మాత్రం అంది. పెద్దమ్మ తడుముకుని కూతురి చెంప పట్టుకుని, బొమ్మ అయ్యేదాకా వదల్లేదు.

సినిమా వదిలాక రిక్షాలో ఇంటికి వచ్చాం. గుమ్మం దగ్గర దిగాక పెద్దమ్మ అంది. "ఇంకో బొమ్మలో ఏస్తే నన్ను తోలుకెల్లు. నువ్వు సెప్పుదువు గాని, నానింటాను."

అలాగే జరిగింది. సిట్టెమ్మప్ప తల్లిని మా అమ్మకు అప్పజెప్పి మద్రాసు వెళ్ళిపోయి చిత్రరేఖ అన్న పేరుతో అక్కలు, వదినలు, దాదులు, చాలా వేసింది. ప్రతి వేషానికీ వేరొకరి గొంతు. కోపం రాలేదా అని అడిగితే, "తిండెడతన్నారు కదే," అనేది. కానీ తన సినిమా మా ఊళ్ళో ఆడితే రైలెక్కి వచ్చేది. తల్లి పక్కన కూర్చుని చెవిలో వేషం వేసేది. పెద్దమ్మ పోయాక తన సినిమాలు చూడటం మానేసింది.

నేను టీచరునై విజయనగరంలో చాలా ఏళ్ళు తెలుగు చెప్పాను. ఉద్యోగానికి ముందు పదిమందిలో పాఠం చెప్పి చూపించాలంటే, తప్పు దొర్లుతుందేమోనని మాటిమాటికీ వల్లె వేసుకున్నాను. సిట్టెమ్మప్ప అప్పుడు ఊళ్ళోనే ఉంది. "తప్పొస్తే రానీయే. నీ గొంతుతోనే సెప్పు. అరువు గొంతు అడుక్కోకు," అంది. తరవాత ఎప్పుడో నా క్లాసులో రామతీర్థం దగ్గరి పల్లెటూరి పిల్ల ఒకతె పాఠం చదువుతూ చూర్యుడు ఉదయించెను అంది. క్లాసంతా గొల్లుమంది. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్లకు తెలియక కాదు, భయంతో దిద్దుకుంటోంది. "మీ ఇంట్లో ఏమంటారే?" అని అడిగాను. "పొద్దు పొడిసింది అంతాం టీచరుగారూ," అంది గొణుగుతూ. రెండూ బోర్డు మీద పక్కపక్కన రాయించాను. నవ్వినవాళ్ళ చేత రెండూ చదివించాను కూడా, నా సంగతి తెలుసు కనుక కిక్కురుమనలేదు.

సిట్టెమ్మప్పకు డెబ్భై దాటాక సీరియల్ వేషం వచ్చింది. ఫోన్ చేసింది. "ఒసే, అంతా మన బాసే మాటాడమన్నారు. నా గొంతే ఉంచుతారట. తీరా ఏషం మాట అనబోతే నాకు నోరు తిరగట్నేదే. మద్రాసులో ఉండీ ఉండీ చ అలవాటైపోనాది. నువ్వు చదువు, నానింటాను." నవ్వాలో ఏడవాలో తెలియక, ఆ కాగితాలు తెప్పించుకుని రోజూ ఫోన్లో చదివాను. చిత్రమేమిటంటే నా మాటా తెల్లబడిపోయింది, టీచరు తెలుగే వస్తోంది. ఇద్దరం తంటాలు పడ్డాం. ఒకరోజు ఆమె నన్ను ఆపి, "నీదీ ఒద్దు, నాదీ ఒద్దు. మా యమ్మయితే ఏటంతాదో అదే అనేస్తాను," అంది. మొదటిరోజు షూటింగులో, రాసి లేని మాట ఒకటి అన్నదట. దర్శకుడు ఉంచేశాడట. గొంతు ఆకలిగున్నాదన్న ఆ మాటే తెలుగువాళ్ళంతా విన్నది.

"అత్తయ్యా, తెర మీద ఎవరున్నారో చెప్పనా?" అంది నా కోడలు, నేను హాల్లో కూర్చున్న ఆ సాయంత్రం.

"అక్కర్లేదమ్మా. అది మా సిట్టెమ్మప్పే," అన్నాను.

కాసేపటికి హాస్టల్ నుంచి మనవడు ఫోన్ చేశాడు. పరీక్షలు బాగా రాశానని, అంతా బాగుందని గడగడా చెప్పుకుపోతున్నాడు. నేను మాటలు వదిలేసి గొంతు విన్నాను. ఇన్నేళ్ళ టీచరు తెలుగూ ఎటు పోయిందో తెలియదు.

"ఒరే, నీ గొంతు ఆకలిగున్నాది. తిన్నావేటి?"

"లేదు నాయనమ్మా," అన్నాడు.