నీట పెరిగిన నారు

1976 జూలై. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక మేడ మీద మా వ్యవసాయ శాఖ ఆఫీసు. ఊళ్ళు తిరిగి పైరుకొచ్చిన జబ్బేమిటో చూసి చెప్పడం నా పని. తోటివాళ్ళందరూ వ్యవసాయ కళాశాలలో చదివినవాళ్ళు. నేను బాటనీ ఎమ్మెస్సీ. ఆ తేడా వాళ్ళు నాకు గుర్తు చేయని రోజు లేదు. వాళ్ళకు జీపు, నాకు బస్సు. దీని మీద మూడు అర్జీలు పెట్టాను, ఒక్కదానికీ జవాబు రాలేదు.

ఆ నెలలో కాలువకు గండి పడి, కంకిపాడు అవతల ఒక ఊళ్ళో సార్వా వరి నారుమళ్ళు వారం పైగా నీట మునిగాయి. మురుగు కాలువ నిండా గుర్రపుడెక్క పట్టి నీరు కదల్లేదు. అది తీయించాక మా ఆఫీసరు జీపులో వచ్చారు. నేను బస్సు దిగి రెండు మైళ్ళు నడిచి వెళ్ళేసరికి ఆయన గట్టు మీద నిలబడి రైతులకు చెబుతున్నారు.

"గట్లు కొట్టి నీళ్ళన్నీ ఒక్కసారే వదిలెయ్యండి. నారు దానంతటదే లేచి నిలబడుద్ది."

"సార్, ఈ ఎండలో ఒక్కసారిగా తీస్తే..." అన్నాను.

"ఏమయ్యా పూల మాస్టారూ, మందారపువ్వు కోసి చూపించే చోటు కాదిది. పాఠాలు కాలేజీలో చెప్పుకో."

రైతులు నవ్వారు. నేను నోరు మూసుకుని గట్టు చివరికి వెళ్ళి నిలబడ్డాను. నా కళ్ళ ముందే ఒక్కొక్కరు పారలు తీసుకుని గట్లు తెగ్గొట్టారు.

జీపు వెళ్ళిపోయాక యేసోబు అనే కౌలు రైతు నా దగ్గరికి వచ్చాడు. అతని మడి అన్నిటికన్నా పల్లంలో ఉంది. పైమళ్ళ నీరు దిగితేగాని అతని వంతు రాదు.

"ఇందాక ఏదో చెప్పబోయారు. ఏందండీ అది?"

చెప్పాను. ఎప్పుడో మొక్క నీళ్ళలోంచి నేల మీదికి వచ్చినప్పుడు, ఎండిపోకుండా ఆకు మీద మైనంలాంటి పొర కట్టుకోవడం నేర్చుకుంది. దాన్ని క్యూటికల్ అంటాం. గాలి పీల్చడానికి మూసి తెరిచే సన్నని రంధ్రాలూ పెట్టుకుంది. అవి స్టొమేటా. నీళ్ళలో సాగిన ఈ ఆకులకు ఆ పొర సరిగా పట్టలేదు. పైగా ఒండ్రు కప్పేసి వెలుగు అందక, ఫోటోసింథసిస్ సాగక, అంటే ఆకు తన తిండి తాను వండుకోలేక, నారు నీరసించి ఉంది. దాన్ని ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబెడితే తట్టుకోలేదు.

"మరేం చెయ్యమంటారు?"

"రోజూ సాయంత్రం రెండంగుళాలే వదులు. పైకి తేలిన ఆకుల మీద తేటనీళ్ళు చల్లి ఒండ్రు కడుగు."

అతను మడిలో దిగి ఒక ఆకు మీది ఒండ్రు వేలితో తుడిచాడు. "ఇంట్లో గింజ విత్తనం లేదండీ. నారు పోతే కౌలు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తానన్నారు కామందు."

మర్నాడు మధ్యాహ్నానికి పైమళ్ళలో నారు తడిసిన జుట్టులా బురదకు అతుక్కుపోయింది. అది చూసి నాకు ధైర్యం రావాల్సింది, రాలేదు. మూడో రోజు యేసోబు మడిలో కూడా ఆకుల కొసలు ఎర్రబడ్డాయి. చదివింది పుస్తకంలో, పణంగా పెట్టింది వేరేవాళ్ళ అన్నం. చల్లుతున్న కడవ దించి అతని భార్య మరియమ్మ అడిగింది.

"మీ మాట మా ఆయన నమ్మాడు. మీకు నమ్మకం ఉందా అండీ?"

"ఉందమ్మా," అన్నాను. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఆరో రోజు బస్సు దిగి మడి దాకా దాదాపు పరుగెత్తాను. పాత ఆకులు చాలా ఎండిపోయాయి. కానీ మొక్క నడుమ నుంచి కొత్త ఆకు నిటారుగా పొడుచుకొచ్చింది. దాని మీద నాలుగు చుక్కలు చిలకరించాను. పాత ఆకు మీద నీరు పరుచుకునేది. ఈ ఆకు మీద పూసల్లా దొర్లి కింద పడింది. పొర కట్టింది!

"మరియమ్మా, ఇటు రా, చూడు!" అని యేసోబు కేకేశాడు.

మూడో వంతు నారు పోయింది. మిగిలినదాన్ని పలచగా నాటి అతను తన కౌలు నేలంతా సరిపెట్టాడు. కౌలు నిలబడింది.

నాట్ల రోజున పక్క మడి వీరయ్య వచ్చాడు. ఆఫీసరు మాట విని గట్టు తెగ్గొట్టినవాళ్ళలో అతనొకడు. మిగులు నారు కోసం వచ్చాడు, మిగల్లేదు.

"ఆ రోజు మీరూ గట్టు మీదే ఉన్నారు గదండీ. మాకూ ఒక మాట చెప్పకపోయారా?"

అధికారి కసిరాడనీ, మీరందరూ నవ్వారనీ, అందుకే అలిగి నిలబడ్డాననీ నారంతా పోగొట్టుకున్న మనిషికి ఎలా చెప్పను?

ఆ ఆఫీసరును నేనిప్పటికీ క్షమించలేదు, క్షమించను కూడా. అయితే ఆ తర్వాత సర్వీసులో ఎవరు ఎంత నవ్వినా, చెప్పాల్సిన మాట పూర్తిగా చెప్పాకే గట్టు దిగాను.