బొంత అంచున నా పేరు

మూడక్షరాల పేరు రాయబోయి మూడూళ్ల ముందు పరువు పోగొట్టుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. జమ్మికుంట దగ్గర ఒక పల్లెకు చిన్నకోడలిగా వచ్చి రెండేళ్లయింది. వంట అంతంత మాత్రం, పాలు పితకడం అసలే రాదు. నాకు వచ్చిందల్లా బొంతలు కుట్టడం. పాత చీరలు, ధోవతులు నాలుగు పొరలు పరిచి సన్నటి కుట్టు వేశానంటే, చూసినవాళ్లు ఒకసారి చేత్తో తడిమి చూడాల్సిందే.

చిక్కల్లా ఒక్కటే. కుట్టేది నేను, మెప్పు పొందేది మా యారాలు నర్సక్క. యారాలంటే మా బావగారి భార్య, ఇంటికి పెద్దకోడలు. ఎవరైనా "గీ బొంత ఎవలు కుట్టిండ్రు?" అని అడిగితే చాలు, నేను నోరు తెరిచేలోగా "ఇంకెవలు కుడ్తరు? నేనే. ఇగో, నడుములు పడిపోయినయి" అని నడుం పట్టుకునేది. ఆ నడుం బొంత మీద వాలడమే గానీ బొంత కోసం ఏనాడూ వంగలేదు.

అంతకుముందు ఏడాది పంచాయతీ సమితి వాళ్లు పెట్టిన ప్రదర్శనలో నా బొంతకు మొదటి బహుమతిగా ఇత్తడి బిందె ఇచ్చారు. దాన్ని నర్సక్క చంకన పెట్టుకుని ఊరంతా తిరిగింది. ఆ రోజే గట్టిగా అనుకున్నాను, ఈసారి బొంత మీద నా పేరు ఉండి తీరాలి, ఎవరు తీసినా రాకూడదు.

మొదట కాగితం మీద 'సుగుణ' అని అందంగా రాసి గంజితో అతికించాను. ఎండకు ఆరేస్తే మా దూడ వచ్చి గంజితో సహా నా పేరును నాకేసింది. సరే అని ఎర్రదారంతో కుట్టాను. నర్సక్క చూసి, "దారం పైకి తేలింది పిల్లా, మంచిగ కనవడ్తలేదు" అని అక్షరాలు ఒక్కొక్కటే ఊడదీసి, ఆ దారంతోనే తన రవికెకు గుండీలు కుట్టుకుంది. గుడ్డ ముక్క మీద పేరు కుట్టి, ఆ ముక్కను బొంతకు అతికాను. "కొత్త బొంతకు గప్పుడే అతుకా? చూసెటోళ్లు నవ్వరా?" అని కత్తెర తెచ్చింది. అత్తగారు పక్కనే ఉన్నారు. పెద్దకోడలికి ఎదురు చెప్పే రోజులా అవి?

కానీ నేను వదిలే రకం కాదు. రేపు ప్రదర్శన అనగా, మా బట్టలు ఉతికే మల్లవ్వ ఒక ధోవతి మూలకు గుర్తు పెడుతుంటే చూశాను. నల్లజీడి గింజకు సూది గుచ్చి, ఆ రసంతో చుక్కలు పెడుతోంది.

"మల్లవ్వా, గిది ఉతికితే పోదా?"

"బట్ట చిరుగుతది గని గుర్తు పోదు బిడ్డా."

"ఊడదీస్తే?"

"ఎట్ల ఊడదీస్తరు? బట్టనే కొయ్యాలె. ఎందుకడుగుతున్నవ్?"

"ఊకెనే. నాకు నాలుగు గింజలియ్యి."

మల్లవ్వ అనుమానంగా చూస్తూనే ఇచ్చింది. "పైలం బిడ్డా. చేతులకు నూనె రాసుకో. పచ్చి రసం తగిల్తే పొక్కులొస్తయి. రాసినంక మీద సున్నం అద్దు. రెండు మూడు మాట్ల ఉతికినంకనే ఒంటికి తగలనియ్యి."

ఈ మూడింటిలో నేను విన్నది నూనె మాట ఒక్కటే. నా చేతులు నాకు ముఖ్యం కదా! సున్నం అద్దితే తెల్లటి మరకవుతుంది. నాలుగు పొరల బొంతను ఉతికితే రేపటికి ఆరదు. అందుకని ఆ రెండూ మానేసి, నర్సక్క కంట పడకుండా బొంత వెనకవైపు, అంచు దగ్గర, వేలెడు పొడుగు అక్షరాలతో 'సుగుణ' అని నాలుగు గింజలూ అయిపోయేదాకా దిద్దాను. బహుమతి ఇచ్చేవాళ్లు వెనక కుట్టు కూడా తిప్పి చూస్తారు. చూడగానే నా పేరు! నా తెలివికి నేనే మురిసిపోయాను.

మరునాడు ముఖ్య అతిథిగా ఒక ఊరు దాటి అవతలి ఊరి పెద్దమనిషి కిష్టయ్య పటేలు వచ్చాడు. మా బొంత దగ్గర ఆగి, "మిషిన్ గూడ గిట్ల కుట్టది" అన్నాడు. ఇక తిప్పుతాడని మునివేళ్ల మీద లేచి చూశాను. తిప్పలేదు. సమితి వాళ్లలో సన్మానానికి శాలువా తెస్తానన్నవాడు ఉత్త చేతులతో వచ్చాడట. "శాలువ లేకుంటేమాయె, గీ బొంతనే కప్పుండ్రి" అన్నారెవరో. కప్పారు. నా పేరు సరిగ్గా పటేలు మెడకు ఆనుకుంది.

నడి ఎండాకాలం. పైన రేకులు. రెండు గంటల ఉపన్యాసాలు. పాపం పటేలు చెమటలు కక్కుతూ గౌరవంగా కూర్చున్నాడు. మల్లవ్వ మాట నాకు గుర్తే రాలేదంటే నమ్మండి. నా బాధంతా బహుమతి గురించే. "ఎవలమ్మా కుట్టింది?" అని అడిగేసరికి నర్సక్క నడుం పట్టుకుని వేదిక ఎక్కేసింది. బొంతను పటేలుకే కానుకగా ఇచ్చేశారు. పోనీలే, ఇంటికి పోయి తిప్పి నా పేరు చదువుతాడు కదా అని ఓదార్చుకున్నాను.

చదివాడు. మూడో రోజు, వాకిట్లో గడ్డం చేయించుకుంటూ. మెడ మంట పెడుతోందంటే క్షవరం చేసే రాజయ్య అద్దం పట్టాడు. బొంత మీది అక్షరాలు మెడ మీద తిరగబడి అచ్చయ్యాయి కదా, అద్దంలో అవి చక్కగా, రెండు కొమ్ములతో సహా కనబడ్డాయి. రాజయ్య కూడబలుక్కుని పైకి చదివాడు. "సు... గు... ణ. సుగుణ ఎవలు పటేలా?"

ఇంట్లో ఉన్న పటేలు భార్య విన్నది.

మరునాడు పొద్దున్నే ఆమె బండి కట్టించుకుని మా వాకిట్లో దిగింది. పక్కన మెడకు కొబ్బరినూనె పూసుకున్న పటేలు. వెనక మా ఊరూ వాళ్ల ఊరూ, దారిలో ఇంకో ఊరూ. బొంతను నేల మీద పడేసింది.

"నిన్నటి సంది గీయనకు బువ్వ వెట్టలేదు. అడిగితే బొంతల నుంచి వచ్చిందంటడు! పేరు బొంతల నుంచి వస్తదా? సక్కగ చెప్పుండ్రి. గీ బొంత ఎవలు కుట్టిండ్రు?"

రెండేళ్లుగా నేను ఎదురుచూసిన ప్రశ్న! దర్వాజ వెనక నక్కి నర్సక్క వంక చూశాను. 'ఈ ఒక్కసారికి నేనే అను తల్లీ' అని మనసులోనే దండం పెట్టాను.

నర్సక్క నడుం మీది చెయ్యి తీసేసింది.

"అయ్యో, నాకు సూదిల దారం ఎక్కియ్యనీకి గూడ రాదమ్మా! గిది మా సుగుణ కుట్టింది. నిరుడు బిందె వచ్చిన బొంత గూడ గామెదే. మా ఇంట్లున్న బొంతలన్ని గామెయే. ఏ దేవుని మీదన్న ప్రమాణం జేస్త!"

నన్ను బయటికి లాగారు. మల్లవ్వ పరుగున వచ్చి జీడిగింజల సంగతి విడమరచి చెబితే గానీ పటేలుకు అన్నం పుట్టలేదు. నాకు సిగ్గుతో తల భూమిలోకి పోయింది. అయినా నిజం చెప్పొద్దూ, లోలోపల పొంగిపోయాను కూడా.

వాళ్లు వెళ్లాక నర్సక్క ఆ ఇత్తడి బిందెను తెచ్చి నా ముందు పెట్టింది. దాని మీద చెయ్యి వేసి, ఇంటిల్లిపాదీ సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ కట్టె కాలేదాకా జీడిగింజ ముట్టను, ఏ బొంత మీదా పేరు రాయను! ఆ మాట ఈనాటికీ తప్పలేదు. తప్పే అవసరమూ రాలేదు. ఆ మూడూళ్లలో ఎవరికి కొత్త బొంత ఇచ్చినా, కప్పుకునే ముందు వెనక్కి తిప్పి చూసి, "సుగుణ కుట్టింది కాదు గదా?" అని అడుగుతారు.