మస్తాన్ మామ మీద ముళ్ల అనుమానం

మా చిన్నతనంలో... ఒక సోమవారం తెల్లారేసరికి నాయన సైకిల్ వెనక చక్రం మళ్లీ నేలకు అతుక్కుపోయి ఉంది. పది రోజుల్లో మూడోసారి.

నాయన టైరును బొటనవేలితో నొక్కి, వీధి చివరకు ఓరగా చూశాడు. అక్కడ మస్తాన్ మామ పంచర్ దుకాణం.

"వాడే..." అన్నాడు.

"నువ్వు చూసినావా ఏంది?" అంది అమ్మ పొయ్యి దగ్గర నుంచి.

"చూడాల్నా? బేరాలు లేకుంటే దోవలో ముళ్లు చల్లుతారంట. పొదిల్లో ఒకడు అట్లనే చేసినాడు."

పొదిలిలో ఆ ఒకడెవరో మాకెవరికీ తెలియదు. మా వైపు పుకార్లన్నీ పొదిలి నుంచే బయల్దేరేవి... పొదిలి వాళ్లనడిగితే మార్కాపురం నుంచి అంటారు. సరే, మళ్లీ సైకిల్ దగ్గరికొద్దాం.

మా ఊరు తర్లుపాడు నుంచి మార్కాపురం పలకల కార్ఖానాకు నాయన దాని మీదే పోయేవాడు. అప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. ఇంకోసారి అయితే పనిలోకి రావొద్దని మేస్త్రీ చెప్పేశాడు.

ఆ రెండుసార్లూ నాయనే ట్యూబుకు అతుకు వేసుకున్నాడు. మామ దగ్గరికి పోతే వాడు అనుకున్నదే జరిగినట్టు అవుతుందట! సాయంత్రం ప్రార్థనలో వీధిలో అందరినీ పేరుపేరునా తలిచేవాడు... మామ పేరు రాగానే దగ్గేవాడు.

ఆ అనుమానం నాకూ అంటుకుంది. బడికి పోతూ మామ దుకాణం ముందు నేలంతా వెతికేదాన్ని. ఒకసారి తుమ్మముల్లు దొరికితే గెలిచినట్టు ఇంటికి తెచ్చాను... మా కంచె నిండా అవే ముళ్లని అప్పుడు తోచలేదు.

ఆ సోమవారం అతుకు అంటించే సొల్యూషన్ అయిపోయింది. దారిలేక నాయన సైకిల్ నడిపించుకుంటూ మామ దగ్గరికే పోయాడు. వెనకే నేను, సాక్షిగా.

మామ ట్యూబు లాగి, గాలి కొట్టి, తొట్టి నీళ్లలో ముంచి కొంచెం కొంచెంగా తిప్పాడు. ఒకచోట బుడగలొచ్చాయి.

"ఏసోబన్నా, ఇట్ల చూడు. ముల్లయితే రోడ్డు వైపు గుచ్చాల గదా? బొక్క లోపలి వైపు పడింది. ఇది చువ్వ మొన పని."

చువ్వల మొనలు ట్యూబుకు తగలకుండా రిమ్ము చుట్టూ రబ్బరు పట్టీ వేస్తారు. మామ రిమ్ములో వేలు పెట్టి తడిమి, ఆగాడు.

"నేనేసిన పట్టీ ఏమైంది?"

నాయన ఆకాశం వైపు చూశాడు.

"కోళ్లగూటి తలుపుకు కట్టినాం మామా" అన్నాను నేనే. అంతకుముందు నెల టైరు మార్చినప్పుడు మామ అడక్కుండా వేశాడు, దీంట్లో ఏదో మోసముందని నాయన ఒక ఆదివారం ఆరాధన నుంచి రాగానే టైరు విప్పి దాన్ని లాగేశాడు మరి!

మామ కడుపు పట్టుకుని నవ్వాడు. "పోనీలే అన్నా, నీ కోళ్లకింక పంచర్ పడదు. టైమైతాంది, నా సైకిల్ తీస్కపో. దీన్ని సాయంత్రానికి చేసి పెడతా."

నాయన ఎక్కాడు... ఎక్కేముందు ఆ సైకిల్ టైర్లు రెండూ నొక్కి చూసుకున్నాడు!

గేటు వేసేలోపే చేరాడట. పని ఊడలేదు. తను ఏమనుకున్నాడో మాత్రం మామకు చివరిదాకా చెప్పలేదు.

ఇప్పుడు నా మనవడి బండికి ట్యూబే లేదు. బంకులో ఎవరో ఫోన్ చూసుకుంటూ గాలి నింపుతారు. నేను కన్నార్పకుండా ఆ చేతుల్నే చూస్తుంటాను... ఆ మనిషి పేరేమిటో మాత్రం ఇంతవరకు అడగలేదు.

మీ వీధిలో మీరు ఉత్తపుణ్యానికి అనుమానించిన మనిషి ఎవరు? ఆ మనిషితో చెప్పలేకపోయినా... ఇక్కడైనా చెప్పండి.