చేతులు తిప్పించే ఆశీర్వాదం గారు

దైవాశీర్వాదం గారికి నమస్కారం చెప్పే అలవాటు లేదు. ఎవరు ఎదురుపడినా "ఆ రెండు చేతులూ ఒకసారి తిప్పండి" అంటారు. తిప్పగానే అరచేతుల మధ్యలోకి టార్చి వేసి చూస్తారు. "కాదు" అంటారు. తన దారిన తాను వెళ్లిపోతారు. ఇంత తక్కువ మాటలతో నన్ను ఇంతగా భయపెట్టిన మనిషి ఇంకొకరు లేరు. ముప్ఫై ఏళ్ల టీచరు సర్వీసులో స్కూలు ఇన్‌స్పెక్టర్లు కూడా భయపెట్టలేకపోయారు!

రిటైరయ్యాక మా అమ్మాయి విజేత దగ్గరికి సలాలా వచ్చాను. ఒమాన్ అంటే ఎండలే అనుకుని నూలు చీరలు సర్దుకుని దిగితే, ఇక్కడ వానాకాలం. వానంటే మన వాన కాదు. పొగ మంచులా సన్నటి తుంపర రోజంతా గాలిలో వేలాడుతూ ఉంటుంది. పట్టపగలే కొబ్బరి చెట్ల తలలు మాయమైపోతాయి. రోడ్డుమీద ఒంటె మెడ ఒక్కటే కనబడుతుంది, కింద ఒంటె ఉండదు. అలాంటి ఒక పొద్దున కొబ్బరిబోండాల కొట్టు దగ్గర నిలబడి ఉంటే తెల్లటి మంచులోంచి గొంతొకటి వచ్చింది.

"చేతులు తిప్పండమ్మా."

మనిషి లేడు. గొంతే ఉంది. నేను బోండాం వదిలేసి రెండు చేతులూ పైకెత్తేశాను. గాజులు తీసుకుంటాడేమో, తీసుకోనీ అనుకున్నాను. గుండ్రటి వెలుతురు నా కుడి అరచేతిలో పడింది. తర్వాత ఎడమ అరచేతిలో. కాసేపు ఊపిరి చప్పుడు.

"కాదు."

వెలుతురు ఆరిపోయింది. చెప్పుల చప్పుడు మంచులోకి వెళ్లిపోయింది. నేను చేతులెత్తుకుని అలాగే నిలబడ్డాను. కొట్టువాడు బోండాం తీసి తుడిచి ఇచ్చేదాకా దించలేదు.

"అయ్యో, మీక్కూడా అయిపోయిందా టీచరమ్మా?" అని నవ్వాడు పక్కనే చాయ్ దుకాణం నడిపే జీషాన్. హైదరాబాద్ కుర్రాడు. "ఆయన మన ఆశీర్వాదం చాచా. బాపట్ల సైడు. అదిగో, ఆ టైలర్ షాపు ఆయనదే. నేనైతే రోజూ పొద్దుగాల చేతులు చూపించినంకనే చాయ్ పోస్తా. చాచా 'కాదు' అంటే నాకు బేరం మంచిగైతది."

ఆ తర్వాత తెలిసింది, ఊళ్లో ఆయన చూడని చేయి లేదు. ప్యాంటు కుట్టించుకోవడానికి వెళ్లినవాడు నడుము కొలత కన్నా ముందు అరచేయి చూపించాలి. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడి చేతులు ఈయన చూస్తారు. ఇక్కడ సెలవు శుక్రవారం గనక చర్చి ప్రార్థన కూడా ఆ రోజే. ఒకసారి అక్కడ పాస్టరు గారు దీవెన కోసం చేతులెత్తితే, ముందు వరసలోంచి టార్చి వెలిగిందట. ఒంటెలకు అరచేతులు లేవు గనక బతికిపోయాయి.

నాకు ఆగదు కదా! జాకెట్టు వదులు చేయించే వంకతో షాపుకి వెళ్లాను.

"ఎందుకండీ అందరి చేతులూ చూస్తారు? నేనూ సోమవారం సోమవారం పిల్లల గోళ్లు చూసేదాన్నే. కానీ పెద్దవాళ్లవి చూళ్లేదు" అన్నాను.

ఆయన మిషన్ ఆపారు. కళ్లజోడు పైనుంచి చూశారు. బయట మంచు తలుపు దాకా వచ్చి ఆగింది, అదీ వినాలనుకున్నట్టు.

"ఆయన కోసమమ్మా."

"ఎవరాయన?"

"మెస్సీయ. ఒక ప్రవక్తను పంపుతానని దేవుడు ఆనాటి యూదులకు మాటిచ్చాడు. తరాల తరబడి కాచుక్కూచున్నారు. తీరా వస్తే ఏం చేశారు? వడ్రంగి కొడుకు గదా, వీడా ప్రవక్త అన్నారు. మేకులు కొట్టారు. మళ్లీ వస్తానని చెప్పి వెళ్లాడు. ఈసారి ఏ వేషంలో వస్తాడో ఎవరికి తెలుసు? పట్టుబట్టల్లో వస్తాడా? రాడు. ఏ కూలివాడిలాగానో వస్తాడు. చేతుల్లో మేకుల గుర్తులు మాత్రం ఉంటాయి." గొంతు తగ్గించారు. "వాళ్లు చేసిన పొరపాటు నేను చెయ్యనమ్మా."

అప్పుడే తలుపు దానంతటదే కిర్రుమంది. ఇద్దరం అటు తిరిగాం. ఎవరూ లేరు. మంచు మాత్రం లోపలికి వచ్చింది. నేను జాకెట్టు ఇవ్వకుండానే పట్టుకుని ఇంటికొచ్చి పడ్డాను. అది ఇప్పటికీ బిగుతుగానే ఉంది.

ఇంకో శుక్రవారం విజేత కొండమీదికి తీసుకెళ్తానంది. ప్రార్థన ముగించుకుని వస్తున్న ఆశీర్వాదం గారు దారిలో చెయ్యెత్తి, తానూ వస్తానన్నారు. కారెక్కారు. ఎక్కగానే విజేతను స్టీరింగు మీద చేతులు తిప్పమన్నారు.

"అంకుల్, కొండ దిగాక!" అని అరిచింది అది.

పైకి పోయేకొద్దీ లోకం చెరిగిపోయింది. ముందు రోడ్డు లేదు, పక్కన లోయ లేదు. మా కారు దీపాలు తెల్లటి గోడను గుద్దుకుని వెనక్కి వస్తున్నాయి. విజేత భయపడి పక్కకు తీసి ఆపింది. అద్దం దింపితే చప్పుడే లేదు. తుంపర చప్పుడు కూడా లేదు.

అప్పుడు ఆ మంచులోంచి ఒక మనిషి నడిచి వచ్చాడు.

తలనుంచి కాళ్లదాకా తెలుపు. తలమీద తెల్లటి తువ్వాలు. ఒళ్లంతా సిమెంటు దుమ్ము. గుడ్డ చుట్టిన ఎడమ చేతిని గుండెకు ఆనించుకుని, దాన్ని కుడి చేత్తో మోస్తున్నట్టు నెమ్మదిగా వస్తున్నాడు. ఆశీర్వాదం గారు కారు దిగారు, వెనకే నేనూ దిగాను. టార్చి తీశారు.

"చేతులు తిప్పు నాయనా."

ఆ మనిషి కుడి చెయ్యి తిప్పాడు. ఎడమది తిప్పలేదు.

"అది కూడా."

"నీకెందుకు తాతా?"

"చూడాలి."

ఏమనుకున్నాడో, నెమ్మదిగా గుడ్డ విప్పాడు. టార్చి వెలుగు అరచేతి నడిమధ్యన పడింది. అక్కడ నల్లటి రంధ్రం! నా ఒంటిమీద వెంట్రుకలన్నీ లేచి నిలబడ్డాయి. "అమ్మా, లోపలికి రా" అని విజేత నా కొంగు పట్టుకుంది. నేను వినలేదు. ఆశీర్వాదం గారు ఇప్పుడు సాష్టాంగపడతారు, ఆకాశం చీలుతుంది, నేనేమో బిగుతు జాకెట్టుతో ఉన్నాను అనుకున్నాను.

ఆశీర్వాదం గారు పడలేదు. ఆ చేతిని మెల్లగా పట్టుకుని మోచేతి దాకా టార్చి నడిపించారు. మణికట్టు నుంచి ఎర్రటి గీత ఒకటి పైకి పాకుతోంది.

"మేకు ఎప్పుడు దిగింది?" అన్నారు, మామూలు గొంతుతో.

"మొన్న... స్లాబు కింది సెంట్రింగ్ చెక్క ఊడదీస్తుంటె. ఏం గాదు తాతా. పసుపు పెట్టిన."

"ఎవరికైనా చెప్పావా?"

"ఫోర్మన్‌కు చెప్తె డ్యూటీ బందు పెడ్తడు. రూమ్‌ల కూసోవెట్టి, ఇంటికి టికెట్ చేతిల వెడ్తడు. వడ్రంగి పని తప్ప నాకేమస్తది? చెయ్యి సలుపుతుంటె రూమ్‌ల ఉండబుద్ధి గాక నడుస్తున్న." పేరు నర్సయ్యట. జగిత్యాల వైపు.

"ఈ గీత చంకలోకి పోయిందంటే ఫోర్మన్ దాకా అక్కర్లేదు, నువ్వే పోతావు. ఎక్కు."

"వద్దు తాతా. నీ కాళ్లు మొక్కుత."

"కాళ్లు తర్వాత. ముందు చెయ్యి."

ఆయన రోజూ వేసుకునే కోటు జేబుల్లోంచి దూది వచ్చింది, మందు సీసా వచ్చింది, కట్టుగుడ్డ వచ్చింది. ఆ కోటు ఎప్పుడూ అంత బరువుగా ఎందుకు వేలాడుతుందో అప్పుడు తెలిసింది. విజేత ఆ తెల్లగోడలోంచి కారును ఎలా దింపిందో దానికే తెలియదు. ఆస్పత్రిలో డాక్టరు నర్సయ్యను లోపలికి తీసుకెళ్లి, చాలాసేపటికి బయటికొచ్చి, "ఇంకొక్క రోజు ఆగితే చెయ్యి దక్కేది కాదు" అన్నాడు.

వరండాలో ఆయన పక్కన కూలబడ్డాను.

"మేకు గుర్తు దొరికింది కదండీ! వడ్రంగి కూడా! మరి మొక్కలేదేం?"

ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను. ముందు పన్ను లేదు.

"పిచ్చితల్లీ, ఆయన మేఘాలమీద వస్తాడు. లోకమంతా చూస్తుంది. టార్చి వేసి వెతకాలా?"

"మరి ఇన్నాళ్లూ?"

"దెబ్బ తగిలిందా నాయనా అని అడిగితే ఒక్కడైనా చెప్తాడా? పని పోతుందని చేతులు జేబుల్లో దాస్తారు. ఒకడు అలా దాచుకునే ప్రాణం పోగొట్టుకున్నాడు. రోజూ నా షాపు ముందు నుంచే నడిచేవాడు. అప్పటినుంచి అడగడం మానేశాను. పిచ్చోడు చూపించమంటే అందరూ చూపిస్తారు. పిచ్చోడు పోయి ఫోర్మన్‌తో చెప్పడు గదా."

నేను ఒక ప్రశ్నతో ఊరుకునే మనిషిని కాను. కావాలంటే మా అమ్మాయిని అడగండి. మళ్లీ అడిగాను:

"అయితే మెస్సీయ కోసం వెతకడం ఉత్తిదేనా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. ఎదుట రోడ్డంతా తెల్లగా ఉంది.

"ఈ ఊళ్లో మేఘాలు రోడ్డుమీదికే దిగుతాయి గదమ్మా" అన్నారు గొంతు తగ్గించి. "దేనికైనా మంచిది. టార్చి దగ్గరుండాలి."

నర్సయ్య తరఫున కంపెనీ ఆఫీసుకు వెళ్లి మాట్లాడింది విజేత. డాక్టరు కాగితం చూశాక అక్కడ ఎవరూ టికెట్ మాట ఎత్తలేదు. చెయ్యి మానేదాకా నర్సయ్యకు స్టోర్‌లో తేలిక పని ఇచ్చారు.

వానాకాలం వెళ్లిపోయే ముందు ఒక పొద్దున జీషాన్ దుకాణం దగ్గర చాయ్ తాగుతున్నాను. మంచు మళ్లీ ముసిరింది. ఆశీర్వాదం గారు షాపు తలుపు తీస్తుంటే వెనకనుంచి గొంతొకటి వచ్చింది.

"చేతులు తిప్పు తాతా."

ఆయన ఉలిక్కిపడి టార్చి కింద పడేశారు. దాన్ని తీసింది కట్టున్న చెయ్యి. నర్సయ్య! ఆశీర్వాదం గారు కుడి చేతిని కోటు వెనక్కి దాచారు.

"నాదెందుకురా? నాకేముంది?"

"చూడాలె."

చాలాసేపు బతిమాలించుకుని తిప్పారు. బొటనవేలు కత్తెరకు తెగి, చీము పట్టి, నిమ్మకాయంత వాచి ఉంది. ఎన్నాళ్లనుంచి దాస్తున్నారో! నర్సయ్య టార్చి వేసి వేలును చూశాడు. తర్వాత అరచేయి మధ్యలో చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"కాదు" అన్నాడు, అచ్చం ఆయన గొంతుతోనే. "నువ్వు గాదు తాతా. అయినా దవాఖానకు నడువు."