పొట్టి గుర్రం పక్కన ఫోటో

పత్రికల వాళ్లు ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న గుర్రాలు ఎన్ని అని. రెండో ప్రశ్న కేసులు ఎన్ని అని. రెండో ప్రశ్న రాకముందే ఫోన్ పెట్టేయడం నా ఉద్యోగం.

మాది జమ్మలమడుగు. తాతల కాలం నుంచి మిషన్ బడుల్లో పాఠాలు చెప్పుకుని బతికినవాళ్లం. నేను పులివెందులలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. నా దగ్గర చదివిన పిల్లల్లో ఒక పెద్దాయన మనవరాలు ఉండేది. రెండు ఊళ్ల మధ్య పగలో ఆయనది ఒక పక్క. ఆ పక్కకు ఒక పార్టీ, అవతలి పక్కకు ఇంకో పార్టీ. పార్టీలు మధ్యమధ్యలో మారేవి గానీ పక్కలు మారేవి కావు. పేపర్లో ఆయన పేరు ఎప్పుడొచ్చినా ముందర ‘ఫ్యాక్షన్ నాయకుడు’ అని ఉండేది, మన పేర్ల ముందర ఇంటిపేరు ఉన్నట్టు.

గండికి పోయే దారిలో ఆయనకు తోట ఉంది. మనవరాలు పుట్టినప్పుడు బెంగళూరు స్నేహితుడెవరో ఒక జత పొట్టి గుర్రాలను బహుమతిగా పంపాడు. అవి నడుము ఎత్తుకు మించవు. తోటలో మనుషులు వాటిని గుర్రప్పిల్లలనుకుని, ఏడాది పొడుగునా ఉలవలు పెట్టి, ఎప్పుడు పెరుగుతాయా అని ఎదురుచూశారు. అవి పెరగలేదు గానీ మంద పెరిగింది. శ్రావణ శనివారాల్లో గండి ఆంజనేయస్వామిని చూసుకుని వచ్చే జనం తోట దగ్గర బండ్లు ఆపి, వీటిని కూడా చూసి పోయేవాళ్లు. అట్లా సంగతి పేపర్ల దాకా పోయింది.

ఒక ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి మా ఇంటి ముందు ఆయన జీపు ఉంది. వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. రానని చెప్పే ధైర్యం లేక ఎక్కాను.

“టీచరమ్మా, నువ్వు పేపరు తెలుగు మాట్లాడతావు,” అన్నాడాయన. “మావోల్లు ఫోనెత్తితే అవతలోల్లు బయపడి పెట్టేస్తాండారు. ఇంగ నువ్వు మాట్లాడు.”

అసలు విషయం తర్వాత చెప్పాడు. మనవరాలిని బెంగళూరులో హాస్టల్లో వేశారు. మన జిల్లా పిల్లే ఒకతె అక్కడికి పేపరు ముక్క తెచ్చి, వీళ్ల తాత ఇదిగో అని తరగతిలో అందరికీ చూపించిందట. పాప సెలవులకు వచ్చి తాత పక్కన కూర్చుని అన్నం తినలేదట. ‘ఫ్యాక్షన్’ అన్న మాట లేకుండా తన ఫోటో ఒక్కసారి పేపర్లో రావాలి, ఆ ముక్క పాప బడికి తీసుకుపోవాలి. ఆయనకు కావలసింది అంతే. పార్టీ టికెట్టు అడగడానికి కూడా మొహమాటపడని మనిషి, ఇది చెప్పడానికి రెండు గ్లాసుల నీళ్లు తాగాడు. నాకు ఆయనంటే భయం, కోపం కూడా. ఆ పూట మాత్రం జాలి వేసింది.

ఆ ఉద్యోగం చెప్పుకున్నంత తేలిక కాదు. ఆయన ఏ రోజు ఏ వేళకు తోటలో ఉంటాడో బయటివాళ్లకు ముందుగా తెలియకూడదు. కాబట్టి విలేకరులు టైము అడిగితే, ఏదో ఒక రోజు వచ్చి రోడ్డు మీద నుంచి ఫోన్ చేయండి, ఉంటే ఉంటారు అని చెప్పేదాన్ని. గేటు, ప్రహరీ, జీపు, తుపాకీ పట్టుకున్నవాళ్లు ఫోటోలో పడకూడదు. ఇవన్నీ పోగా మిగిలేది గుర్రం. అది పొట్టిది గనక దాని పక్కన ఆయన నడుము కింది భాగమే పడేది. ఒక టీవీ వాళ్లు సాయంత్రమంతా ఆయన పంచె, చెప్పులు చూపించారు. కింద మాత్రం ‘ఫ్యాక్షన్ నాయకుడి గుర్రాలు’ అని తిప్పుతూనే ఉన్నారు. ఇంకో విలేకరి ఇవి ఏ పార్టీ గుర్రాలని అడిగాడు. ఉలవల పార్టీ అన్నాను. అతను అది రాసుకున్నాడు.

చివరికి ప్రొద్దుటూరు విలేకరి ఒకతను దొరికాడు. ఒక్క మాట వదిలేస్తే తోటంతా చూపిస్తానని ఫోన్లోనే బేరం పెట్టాను. వార్త రాసేది తానే గానీ హెడ్డింగు పెట్టేది పేపరాఫీసులో డెస్కు వాళ్లని అతను చెప్పాడు. నేను దాన్ని పట్టించుకోలేదు.

అతనితో వచ్చిన ఫోటోగ్రాఫరు రెండు మూడు ఫోటోలు తీసి, తల అడ్డంగా ఊపాడు.

“సార్, కొంచెం కింద కూచ్చోండి. గుర్రం మొగం, మీ మొగం ఒకే తావున వస్తాయి.”

ఆయన ముందు మనుషులు కింద కూర్చోవడమే అందరూ చూశారు, ఆయన కూర్చోవడం ఎవరూ చూడలేదు. రేపు అది పేపర్లో పడితే అవతలి ఊరివాళ్లు మోకాళ్ల మీదికొచ్చినాడంటారు. ఇంతకన్నా చిన్న మాటలకే తలలు పగిలిన ఊళ్లు అవి. గుర్రాన్ని అరుగు ఎక్కిద్దామని నేనే అడ్డుపడ్డాను. నలుగురు పట్టి ఎక్కించారు. అది దిగి వచ్చి ఆయన పక్కనే నిలబడింది.

ఆయన కండువా తీసి నా చేతికిచ్చాడు. ఒక మోకాలు మట్టిలో ఆనించి, కాసేపటికి రెండోది కూడా ఆనించాడు. గుర్రం ఆయన చెవి వాసన చూసింది. ఆయన మనుషులంతా గోడ వైపు తిరిగి నిలబడ్డారు. తిరగమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

తెల్లవారి పేపరు తీసుకుని పోయి వార్తంతా చదివి వినిపించాను. ఆయన పేరు ముందర ‘పొట్టి గుర్రాల రైతు’ అని ఉంది. పైన హెడ్డింగు మాత్రం ‘ఫ్యాక్షన్ గడ్డపై పొట్టి గుర్రాలు’. నాకు ఒళ్లు మండిపోయింది.

“గడ్డను అన్న్యారు, నన్ను గాదు గదా,” అన్నాడాయన. “కత్తెర తీస్కో.”

హెడ్డింగు కత్తిరించేసి, మిగతాది కవర్లో పెట్టి బెంగళూరుకు పోస్టు చేశాను.

ఆ మధ్యాహ్నమే పులివెందుల బస్టాండు దగ్గర అవతలి పక్షం వాళ్లు ఆ ఫోటోను గోడలకు అతికించారు. మేం కూచ్చోబెట్టకముందే కూచ్చున్నాడు అని కింద రాశారు. ఈ కబురు తెచ్చినవాళ్లు జీపుల దగ్గరే నిలబడి ఆయన ఊ అనడం కోసం చూస్తున్నారు. నేను చేసిన పబ్లిసిటీకి ఎవరి ప్రాణం మీదికి వస్తుందోనని నాకు తెలిసిన ప్రార్థనలన్నీ చేసుకున్నాను.

“గుర్రం అంతే ఉండాదప్పా,” అన్నాడాయన. “నేనేం జేయాల?”

వాళ్లు జీపులు నీడలో పెట్టి భోజనాలకు పోయారు. ఆ రోజు రెండు ఊళ్లలోనూ ఏమీ జరగలేదు. ఆ సంగతి ఏ పేపరూ వేయలేదు.

కొన్నాళ్లకు నన్ను మళ్లీ పిలిపించాడు. తోటలో పార్టీవాళ్లు, వకీలు, స్టేషను నుంచి వచ్చిన పోలీసాయన కూర్చుని ఉన్నారు. వాళ్లందరికీ అప్పటికే చెప్పినట్టుంది, నాకోసం మళ్లీ మొదలుపెట్టాడు.

“పాప ఫోన్ చేసింది టీచరమ్మా. దాని క్లాసు పిల్లోల్లంతా ఆ కాగితం చూసినారంట. గుర్రం పేరేంది, కరుస్తాదా, ఎక్కితే పరిగెత్తుతాదా అని అడిగినారంట.” ఆయన ఎలక్షన్ గెలిచినప్పుడు కూడా ఆ ముఖం అట్లా వెలగలేదు. “నేనెవురో ఒక్కరు గూడా అడగల్యాదంట.”